హెప్సిబా ఉత్తుత్తి షోడా కొట్టు

హెప్సిబా షోడా కొట్టులో షోడా ఉండేది కాదు. ఐసూ ఉండేది కాదు. నిమ్మకాయలు మాత్రం రెండుండేవి, అవీ ఎండిపోయి గులకరాళ్ళలా తయారైనవి. అరుగు మీద బోర్లించిన రంగుల డబ్బా, దాని మీద అడ్డంగా పాత తలుపు చెక్క, చెక్క మీద మూడు ఖాళీ సీసాలు, నాలుగు స్టీలు గ్లాసులు. కొట్టంటే అదీ. సీసాల్లో కుళాయి నీళ్ళు పోసి, ఒకదాంట్లో చిటికెడు పసుపు కలిపితే నిమ్మ షోడా. ఇంకోదాంట్లో ఎర్రమట్టి కలిపితే సుగంధి. ఏమీ కలపనిది ఉప్పు షోడా. నోట్లకి ఎన్నికలప్పుడు ఇంటింటికీ పంచిపోయిన కరపత్రాలు పనికొచ్చాయి. ఒక పార్టీవి చించి ఇరవై రూపాయల నోట్లు, ఇంకో పార్టీవి చించి ఐదొందల నోట్లు చేసుకుంది. ఏ పార్టీవి ఏ నోట్లయ్యాయో ఆ పిల్ల పట్టించుకోలేదు. పట్టించుకోవలసినంత తేడా పేటలో ఎవరికీ ఇంతవరకూ కనిపించనూ లేదు.

కొత్తపేట నుంచి ఆటోలో వెళ్తుంటే, కొబ్బరితోటల మధ్య రోడ్డు పంటకాలువని దాటే చోట చిన్న వంతెన వస్తుంది. వంతెనకి ఇవతల ఊరు, అవతల పేట. ఊరి పేరు చెప్పి ప్రయోజనం లేదు. ఆ కాలువ మీద ఏ వంతెన దగ్గర దిగినా ఇవతల ఊరూ అవతల పేటా ఉంటాయి. పేటలో చర్చి వెనక రెండో ఇల్లు హెప్సిబాది. ఇంట్లో ఆమె, అమ్మమ్మ సుందరమ్మ. తండ్రి నూకరాజు కొబ్బరి దింపు పని చేసేవాడు. పిల్లకి నాలుగేళ్ళప్పుడు చెట్టు మీద నుంచి జారిపడి పోయాడు. తోట ఆసామి ఓ బియ్యం బస్తా పంపించి చేతులు దులుపుకున్నాడు. చెట్టుకి ఎరువెయ్యడానికి పద్దు ఉంటుంది గాని చెట్టెక్కేవాడి ప్రాణానికి పద్దు ఉండదు ఆ తోటల్లో. మరుసటి ఏడు తల్లి ప్రశాంతి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. మగవాడు వెళ్తే సంపాదించుకోడానికి వెళ్ళాడంటారు. ఆడది వెళ్తే ఊరు ఇంకేవేవో అంటుంది. ఆ అన్నవాళ్ళెవరూ సుందరమ్మ బీపీ బిళ్ళలకి పది రూపాయలు ఇచ్చిన పాపాన పోలేదు.

హెప్సిబాకి ఇప్పుడు పదకొండేళ్ళు. తల్లి ఈ మధ్యలో వచ్చింది ఒక్కసారే.

కొట్టు పెట్టమన్నది ప్రశాంతే. ఐదో తరగతి పరీక్షలయ్యాక బడిలో పద్మావతి టీచర్ గారు ఫోన్ చేసి, “అమ్మాయి చదువుతుందండీ, పాటలూ పాడుతుంది. లెక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం బల్ల కింద దూరిపోతుంది. తీసివేతలే సరిగ్గా రావట్లేదండీ. ఆరో తరగతిలో చాలా కష్టపడుతుంది” అని మర్యాదగా చెప్పారు. ప్రశాంతి ఆ రోజంతా ఆ ఇంటివాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తూ ఆలోచించింది. పక్కన కూర్చుని చెప్పడానికి తను లేదు. సుందరమ్మకి అంకెలు రావు. ట్యూషన్ పెట్టిద్దామంటే ఊళ్ళోకి వెళ్ళాలి, సాయంత్రం చీకటిపడే వేళ ఆడపిల్ల వంతెన దాటి రావాలి. తన చేతిలో ఉన్నది ఒక ఫోను, మేడం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాక దొరికే కాస్త తీరిక. అక్కడ మధ్యాహ్నం నిద్ర వేళకి ఇక్కడ సాయంత్రం అవుతుంది. ఆ తీరికలో పుట్టింది షోడా కొట్టు.

మొదట్లో బేరాలు బాగానే వచ్చాయి. పక్కింటి ఆకాష్, వాడి చెల్లెలు బిందు రెండు రోజులు వచ్చి కరపత్రం నోట్లిచ్చి పసుపునీళ్ళు పుచ్చుకున్నారు. మూడో రోజు ఆకాష్ గ్లాసు వాసన చూసి, “ఉత్తుత్తి షోడా ఎవడు తాగుతాడే? నిజం షోడా ఎప్పుడు పెడతావో చెప్పు, అప్పుడొత్తాను” అని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ చెల్లెలి చెయ్యి కూడా పట్టుకుపోయాడు. తర్వాత చర్చిలో సెలవుల బైబిలు బడి మొదలైంది. పిల్లలందరూ అక్కడికి పోయి చప్పట్లు కొడుతూ పాటలు పాడేవాళ్ళు. ఆ పాటలు అరుగు మీదికి వినిపిస్తుండేవి. హెప్సిబా కూడా పొద్దున్న వెళ్ళేది. సాయంత్రం మాత్రం ఎవరు పిలిచినా కదిలేది కాదు. అమ్మ ఫోన్ చేసే వేళ. ఫోన్ రాని రోజుల్లో ఎదురుగా ఎవరూ లేకపోయినా కొట్టు తెరిచి కూచునేది. తనే బేరగాడి గొంతుతో అడిగేది, తనే కొట్టు గొంతుతో చెప్పేది. ఉపాధి పనికి పోయి వచ్చి నడుం వాల్చిన సుందరమ్మ లోపలి నుంచి, “ఎవరే వచ్చింది?” అని కేకేసేది.

“ఎవరూ లేరు అమ్మమ్మా.”

“మరి ఎవరితోనే ఆ మాటలు?”

హెప్సిబా సీసాలు సర్దుకునేది.

ఫోన్ వచ్చిన రోజు సంగతి వేరు. ఫోన్‌ని సీసాకి ఆనించి నిలబెట్టేది. తెరలో తెల్లటి పలకల గోడ, గోడ ముందు తలకి గుడ్డ కట్టుకున్న ప్రశాంతి కనిపించేది. మేడం లేస్తుందేమోనని గొంతు తగ్గించి మాట్లాడేది.

“ఏమండీ, కొట్టు తెరిచేరా అండీ?”

“ఆయ్, తెరిచేమండీ. ఏం కావాలండీ?”

“ఎండకి నాలిక పిడచకట్టుకుపోయిందండీ. ఓ నిమ్మ షోడా కొట్టండి. ఎంతేటండీ?”

“ఇరవై అండీ.”

“అమ్మో, ఇరవయ్యే! కొత్తపేటలో పదిహేనేనండీ బాబూ.”

“అయితే ఆటో ఎక్కి కొత్తపేటెళ్ళి తాగండి. ఆటోకి ఇరవై అవుద్ది.”

ప్రశాంతి నవ్వు బయటికి రాకుండా తలగుడ్డ కొస నోట్లో కుక్కుకునేది. తర్వాత రెండు షోడాలు తాగి ఐదొందల నోటిచ్చి చిల్లర అడిగేది. హెప్సిబా నాలుగొందల నలభై ఇచ్చేసేది. “ఈ మాత్రం తీసివేత కూడా రాదా” అని తల్లి ఏనాడూ విసుక్కోలేదు. “నా ఇరవై నాకిప్పించండి, లేపోతే వంతెన కాడ పంచాయితీ పెట్టేత్తాను” అనేది. అలా తక్కువిస్తూ, మళ్ళీ సరిచేసుకుంటూ, ఏప్రిల్ ఆఖరుకల్లా పిల్ల చిల్లర లెక్కలో ఆరితేరింది.

ఆ తర్వాత లాభం.

“ఇరవైకి అమ్మితే ఇరవయ్యీ నీదేనా?”

“నాదే.”

“నిమ్మకాయ మీ తాతిచ్చేడా? పంచదార చెట్టుకి కాసిందా?”

అప్పుడు కూచుని ఒక్కొక్కటే తీశారు. షోడా సీసా, నిమ్మకాయ, పంచదార పాకం, ఐసు. అన్నీ కలిపి గ్లాసుకి పన్నెండు. మిగిలేది ఎనిమిది. ఆ ఎనిమిది హెప్సిబాని ఆశ్చర్యపరిచింది. ఇరవై అంకె అంత పెద్దగా ఉండి, చేతిలో మిగిలేది అంత చిన్నగా ఉంటుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. తల్లి పంపే డబ్బు కూడా అలాంటిదేనేమో, ఎక్కడెక్కడో పోగా మిగిలిందేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది.

మే నెల మొదట్లో ఒకరోజు చిల్లర ఇవ్వబోతూ ఆగి అంది: “అమ్మా, ఈ కొట్టు నిజంగానే పెట్టెయ్యొచ్చు కదా. వంతెన కాడ. నువ్వే పెట్టొచ్చు.”

తెరలో ప్రశాంతి ముఖం కదలకుండా నిలిచిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని హెప్సిబా ఫోన్ ఎత్తి చూసింది. సిగ్నల్ బాగానే ఉంది.

“పెట్టొచ్చు” అంది ప్రశాంతి. “జూన్‌లో నా అగ్రిమెంటు అయిపోద్ది. ఇంకో రెండేళ్ళు ఉంటానో ఉండనో ఈ నెలాఖరుకి మేడంకి చెప్పాలి. నెలకి పదివేలు మిగిలే కొట్టు అని నువ్వు లెక్క కట్టి చూపించు. వచ్చేత్తాను.”

“ఒట్టా?”

“లెక్క సరిగ్గా ఉండాలి. దొంగలెక్క కాదు.”

ఆ రోజు నుంచి ఆట ఆటగా లేదు. సీసాల్లో పసుపు కలపడం మానేసింది. పలక ఒళ్ళో పెట్టుకుని గుణకారాలు చేసేది, తుడిచేది, మళ్ళీ చేసేది. బడిలో బల్ల కింద దూరిన పిల్ల ఈమేనంటే పద్మావతి టీచర్ గారు నమ్మేవారు కాదు. రోజుకి అరవై గ్లాసులు అమ్ముతామనుకుంది. అరవై ఎందుకంటే ఆ అంకె బాగుంది. ఆదివారాలు చర్చి, ఓ రోజు జ్వరం వచ్చినా రావచ్చు, అంచేత నెలకి ఇరవై అయిదు రోజులు. గ్లాసుకి ఎనిమిది చొప్పున పన్నెండు వేలు వచ్చింది. తోపుడు బండి అద్దె పదిహేనొందలు తీసేస్తే పదివేల ఐదొందలు. పలక పట్టుకుని ఇంటి చుట్టూ పరిగెత్తింది. సుందరమ్మ పామనుకుని కర్ర తీసుకుని బయటికొచ్చింది.

ఫోన్‌లో తల్లి అంతా విని, “అరవై అని ఎవరు చెప్పేరు నీకు?” అంది. “అరుగు మీద కూచుంటే జనం లెక్క తెలీదు. వంతెన కాడ వీరన్న గారి కొట్టుంది కదా, అమ్మమ్మని తీసుకెళ్ళి చూసి రా. ఎంతమంది ఆగుతున్నారో, ఏం తాగుతున్నారో.”

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ వెళ్ళి వంతెన పిట్టగోడ మీద కూచున్నారు. సుందరమ్మ గొడుగు కింద కునికిపాట్లు పడింది. వీరన్న మంచివాడు, ఎవరితోనూ పేచీ లేనివాడు. పిల్ల పలక పట్టుకుని తన కొట్టుకేసే చూస్తూ కూచోవడం చూసి నవ్వాడు.

“ఏమ్మా, ఇన్‌కంటాక్సు తాలూకా ఏంటి?”

“కాదండీ. లెక్క చూసుకుంటున్నానండీ.”

“చూడమ్మా చూడు. నాక్కూడా చెప్పి వెళ్ళు, నాకే తెలీదు ఎంతొస్తందో.”

హెప్సిబా చూసింది. ఆటోలవాళ్ళు ఆగారు. కొబ్బరి లారీ ఎత్తే కూలీలు ఆగారు. రావులపాలెం వైపు పోయే మోటారు సైకిళ్ళు ఆగాయి. పేట వాళ్ళు ఆగారు, ఊరి వాళ్ళు ఆగారు. సాయంత్రానికి లెక్క అరవైకి అటూ ఇటూగానే వచ్చింది. తన అంకె తప్పు కాలేదని ఆమెకి గర్వంగా అనిపించింది. కాని ఇంకొకటి కూడా కనిపించింది. రోడ్డు మీద పోయేవాళ్ళకీ, కూలీలకీ, పేటవాళ్ళకీ వీరన్న కాగితం కప్పులో పోసిస్తున్నాడు. ఊళ్ళో రైతు రాజబాబు గారి లాంటివాళ్ళు వచ్చి బల్ల మీద కూచుంటే, లోపలి గూట్లోంచి గాజు గ్లాసు తీసి, గుడ్డతో తుడిచి, అందులో పోసిస్తున్నాడు. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అనడమూ లేదు. కాగితం కప్పు వచ్చాక ‘మీ గ్లాసు వేరు’ అన్న మాట నోటితో అనవలసిన అవసరమే తీరిపోయింది. వెనకటి రోజుల్లో అయితే కనీసం అన్నవాడి ముఖం కనపడేది, అడగగలిగినవాడు అడిగేవాడు. ఇప్పుడు కప్పు తాగి పారేస్తే దానితోపాటే అన్నీ చెత్తబుట్టలో పడుతున్నాయి.

హెప్సిబా లేచి కొట్టు దగ్గరికి వెళ్ళింది.

“మా అమ్మ ఇక్కడ షోడా కొట్టు పెడితే మీరూ వచ్చి తాగుతారాండీ?”

“ఎందుకు తాగనమ్మా! మీ అమ్మ చేతి షోడా తాగొద్దా?”

“స్టీలు గ్లాసులు పెడతామండీ.”

వీరన్న ఐసు గెడ్డ మీద దెబ్బ వెయ్యబోయి ఆగాడు. “కాగితం కప్పులు పెట్టమను అమ్మా. కప్పయితే ఎవరికీ ఇబ్బందుండదు. గ్లాసులనుకో... ఊళ్ళోవాళ్ళు మొహమాటపడతారు. వేరే ఏం లేదు, మొహమాటం అంతే” అన్నాడు. ఆయన గొంతులో ఎక్కడా కరుకుదనం లేదు. మంచి సలహా ఇచ్చానన్న తృప్తితో ఆమెకి ఓ సుగంధి కూడా పోసి డబ్బులొద్దన్నాడు. కప్పులోనే పోశాడు.

ఇంటికొచ్చి మళ్ళీ లెక్క. కప్పు ఒకటికి రూపాయి. గ్లాసుకి ఎనిమిది మిగిలేది ఇప్పుడు ఏడే మిగులుతుంది. అరవై ఏడులు నాలుగొందల ఇరవై. బండి అద్దె పోగా నెలకి తొమ్మిది వేలు. ఒక్క రూపాయి కప్పు పదివేలకి వెయ్యి తక్కువ చేసి అడ్డంగా నిలబడింది. ఆ వెయ్యికి అవతల అమ్మ ఉంది.

నెలాఖరు దగ్గరపడుతోంది. చర్చిలో పిల్లలు ఆఖరి రోజు నాటకానికి రెక్కలు కట్టుకుంటున్నారు. పాస్టరు గారి భార్య వచ్చి, “దేవదూత వేషానికి నువ్వే బాగుంటావు, రావే” అని బుగ్గ పుణికితే హెప్సిబా రానంది. అన్నం తింటూ పెదాలు కదుపుతూ ఎక్కాలు చదివేది. సుందరమ్మ కసిరితే కంచం వదిలేసి పోయేది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, వెయ్యి రూపాయల గురించి అమ్మమ్మతో చెప్తే ఏడుస్తుంది, ఆకాష్‌తో చెప్తే పేటంతా చాటుతాడు.

దారి దానంతటదే దొరికింది. వంతెన దగ్గర ఆగిన జనంలో గాజు గ్లాసు వాళ్ళు ఓ ఇరవై మంది. తక్కిన నలభై మందికి ఏ గ్లాసైనా ఒకటే. అయితే అందరికీ కప్పులెందుకు? కప్పు కావలసిన వాళ్ళకే కప్పు. నలభై ఎనిమిదులు మూడొందల ఇరవై. ఇరవై ఏడులు నూట నలభై. కలిపితే నాలుగొందల అరవై. ఇరవై అయిదు రోజులకి పదకొండు వేల ఐదొందలు. బండి అద్దె తీసేసింది. పలక మీద పదివేలు వచ్చింది. ఒక్క రూపాయి ఎక్కువా కాదు, తక్కువా కాదు. నమ్మలేక మూడుసార్లు తుడిచి చేసింది. ఆ రాత్రి తల్లి బట్టలున్న ట్రంకు పెట్టె తెరిచి, చీరలు ఎండలో వెయ్యాలని అమ్మమ్మకి చెప్పింది.

మర్నాడు సాయంత్రం ఫోన్ వచ్చేసరికి తల దువ్వుకుని, పౌడరు రాసుకుని కూచుంది. కొట్టు ఆట లేదు, బేరం లేదు. నేరుగా లెక్క చదివింది.

“అరవై మందిలో నలభై మందికి స్టీలు గ్లాసులమ్మా. మన పేటోళ్ళకీ, ఆటోలోళ్ళకీ, కూలోళ్ళకీ. ఊళ్ళో ఇరవై మందికి కాగితం కప్పులు. వీరన్న గారు పేటోళ్ళకి కప్పులిచ్చి ఊరోళ్ళకి గ్లాసులిత్తన్నారు, మనం తిరగేసేత్తాం. మనోళ్ళకే మంచి గ్లాసులు. ఊళ్ళోవాళ్ళకి మొహమాటం ఉండదు. మొత్తం పదివేలు. కరెక్టుగా పదివేలమ్మా.”

ప్రశాంతి తలగుడ్డ సర్దుకుంది.

“అమ్మా, తప్పుందా?”

“లేదే. లెక్క తప్పులేదు.” “అయితే కప్పులెందుకు పెట్టావు?” అంది.

“లేపోతే ఆళ్ళు తాగరు కదా. వీరన్న గారే చెప్పేరు.”

“నా గ్లాసులో ఆళ్ళు తాగరని నేనే ఒప్పేసుకుని, నా డబ్బులెట్టి ఆళ్ళకి కప్పులు కొనాలా? రోజూ? ఆ రూపాయి దేనికి రూపాయో తెలుసా నీకు?”

“ఒక్క రూపాయే కదమ్మా.”

తెర ఊగింది. ప్రశాంతి ఫోన్ చేత్తో పట్టుకుని వంగింది. సింకు కింది అలమర తలుపు తెరిచింది. లోపల సబ్బుల డబ్బాలూ పీచులూ, వాటి మధ్య ఒక పింగాణీ కప్పు. పిడి మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క. “ఇది చూసేవా? ఇది నాది. దీంట్లో ఇంకెవరూ తాగరు. దీన్ని వాళ్ళ కప్పులతో కలిపి కడక్కూడదు. ఈ చుక్క మేడం పెట్టలేదు, పొరపాటున కలిసిపోద్దేమోనని నన్నే పెట్టుకోమంది. నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచీ దీన్ని చూసినప్పుడల్లా నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపిస్తది. నా కొట్టులో కూడా నా చేత్తో నేనే అలాంటిది పెట్టుకోవాలా?”

హెప్సిబా ఆ చుక్కకేసి చూసింది. ఆమెకి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

“నువ్విక్కడికి వచ్చేత్తే ఆ కప్పులో తాగక్కర్లేదు కదమ్మా.”

ప్రశాంతి అలమర తలుపు మూసేసింది.  తల్లి ఆత్మగౌరవానికి ఖరీదు కూతురు కట్టాలా అని అడిగితే ఏ సభలోనైనా ఏం చెప్తారు? ఆ ఖరీదు అసలు పెట్టినవాళ్ళు మాత్రం ఆ వేళప్పుడు వంతెన దగ్గర గాజు గ్లాసులో చల్లగా షోడా తాగుతున్నారు.

“కప్పులు తీసేసి లెక్క కట్టు” అంది ప్రశాంతి. 

కప్పులు తీసేస్తే ఆ ఇరవై మందీ రారు. నలభై ఎనిమిదులు. హెప్సిబా పలక చూడకుండానే చెప్పింది. “ఆరువేల ఐదొందలు.”

“చాలదు కదే.”

“చాలదమ్మా.”

“మేడం లేచింది. రేపు చేత్తాను” అని ప్రశాంతి పెట్టేసింది. మర్నాడు చెయ్యలేదు. ఆ మర్నాడు చేసి, రెండేళ్ళకి సంతకం పెట్టేశానని తన తల్లితో చెప్పింది. సుందరమ్మ ఫోన్ ఇవ్వబోతే హెప్సిబా పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పొద్దు అన్నం తినకుండా పడుకున్న పిల్ల తల మీద చెయ్యేసి సుందరమ్మ పక్కనే కూచుంది.

“నేనేం తప్పు చేసేను అమ్మమ్మా? లెక్క సరిగ్గానే వచ్చింది కదా.”

సుందరమ్మ పిల్ల జుట్టు సర్దింది. “నా పెళ్ళికాక ముందు, నాట్లకి పోతే దార్లో టీ హోటలుండేది. మన గ్లాసులు బయట తాటాకు చూరులో దోపి ఉండేవి. మనమే తీసుకోవాల, పైనుంచి పోసేవోడు, తాగేక మనమే కడిగి మళ్ళీ చూరులో దోపాల. ఓ రోజు తేలుండిపోయింది గ్లాసులో. చూసుకోలేదు.” కుడిచేతి బొటనవేలు ముందుకు చాపింది. గోరు లేదు. “మీ అమ్మ చిన్నప్పుడు ఈ ఏలు పట్టుకునే పడుకునేది. ఏమైందే అమ్మా, ఏమైందే అని అడిగేది. చెప్పేదాన్ని. చెప్పకుండా ఉండాల్సింది.”

“చెప్పకపోతే వచ్చేసేదా?”

“ఏమోనమ్మా” అంది సుందరమ్మ.

జూన్‌లో బడి తెరిచారు. ఊళ్ళో హైస్కూలు. రోజూ వంతెన దాటి వెళ్ళి రావాలి. ఆరో తరగతి లెక్కల మాస్టారు మొదటి వారంలోనే, “ఎవరమ్మా నీకు ఇంత బాగా నేర్పింది?” అన్నారు. “మా అమ్మండీ” అంది. “ఏం చేస్తారమ్మా అమ్మ?” అంటే, “షోడా కొట్టండీ” అని నోరు జారింది. క్లాసులో పేట పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఆకాష్ ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఆమె దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆమెతో వేరే మాటలూ పెద్దగా మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర స్తంభం పక్కన ఒక్కతీ కూచుని తినేది.

ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కొట్టు ఊసు తల్లీ ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు. “తిన్నావా?” “తిన్నాను.” “అమ్మమ్మ బిళ్ళలేసుకుందా?” “ఏసుకుంది.” అక్కడితో మాటలైపోయేవి. తెల్ల పలకల గోడ ముందు ప్రశాంతీ, రేకుల పంచ కింద హెప్సిబా ఒకరినొకరు చూసుకుంటూ ఊరుకునేవారు.

జూలైలో ముసురు పట్టింది. మూడు రోజులుగా ఎడతెరిపి లేదు. కాలువ గట్టు దాకా ఎర్రగా వచ్చింది. బడి నుంచి వస్తూ తడవకుండా హెప్సిబా వీరన్న కొట్టు చూరు కింద ఆగింది. కొట్టు వేరేగా ఉంది. షోడా సీసాలన్నీ పెట్టెల్లో బోర్లించి మూలకి నెట్టేశాడు. ముందు బల్ల మీద టీ ఫ్లాస్కు, పక్కన పొయ్యి మీద మిరపకాయ బజ్జీల బాండీ.

“షోడాలు మానేసేరాండీ?”

“వానల్లో షోడా ఎవరు తాగుతారమ్మా? ఇంక శివరాత్రి దాకా టీలూ బజ్జీలే. ఏటా ఇంతే కదా.”

హెప్సిబా తల ఊపింది. వాన తగ్గే దాకా నిలబడి వేళ్ళ మీద నెలలు చూసుకుంది. షోడా తాగే నెలలు ఒక చేతి వేళ్ళు కూడా నిండలేదు. తను వేసింది మే నెల లెక్క. దాన్ని ఏడాది పొడుగునా పరిచింది. స్టీలు గ్లాసులు పెట్టినా, కప్పులు పెట్టినా, కలిపి పెట్టినా, ఏ పలక మీదా ఆ కొట్టు నిలబడేది కాదు.

తను పిల్ల, తెలీలేదు. అమ్మ ఈ పేటలోనే పుట్టింది. ఈ వంతెన మీద నుంచే బడికి పోయింది. ఈ వానల్ని ఎన్నేళ్ళు చూసిందో. అమ్మకి తెలీదా?

తగ్గీ తగ్గని వానలో ఇంటికి నడిచింది. తడి బట్టలు మార్చుకోకుండానే అరుగు మీద కూచుంది. ఫోన్ మోగింది. వాన చప్పుడుకి ప్రశాంతి రోజూ కంటే గట్టిగా మాట్లాడుతోంది. ఆ వేళ ఆమె హుషారుగా ఉంది, మేడం వాళ్ళు ఊరెళ్ళారట, ఇల్లంతా తనొక్కతే ఉందట. కూతురి ముఖం చూసి, నవ్వించాలని కాబోలు, రెండు నెలల తర్వాత మళ్ళీ ఆ గొంతు పెట్టింది.

“ఏమండీ, కొట్టు తెరవలేదాండీ?”

“లేదండీ.”

“అదేంటండీ అలాగంటారు! ఇంతదూరం నుంచి వచ్చేనండీ నేను.”

“వానలు కదండీ” అంది హెప్సిబా. “వానల్లో షోడా ఎవరు తాగుతారండీ?”

ప్రశాంతి నవ్వు ముఖం మీద అలాగే ఉండి, మెల్లిగా జారిపోయింది. ఆమె కళ్ళు తెర మీద నుంచి కిందికి దిగాయి. రేకుల మీద వాన పెద్దదైంది. ఏదైనా అంటుందేమోనని హెప్సిబా చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడంతో తెలియవలసింది తెలిసిపోయింది.

నీకు ముందే తెలుసా అమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే అమ్మ అబద్ధం చెప్పాలి, లేకపోతే నిజం చెప్పాలి. రెండిట్లో ఏది విన్నా, రేపటి నుంచి ఆ తెల్ల గోడ ముందు అమ్మ ఒక్కతీ ఇంకా ఒక్కతి అవుతుంది. ఇల్లంతా ఖాళీ అని ఇందాకే చెప్పింది కదా.

హెప్సిబా ఫోన్ దగ్గరికి జరుపుకుంది.

“నువ్వు తిన్నావా అమ్మా?” అని అడిగింది.